దెయ్యాన్ని గేమ్‌లో దించడం

చంద్రగిరి కోటలో జరిగే ఒక హారర్ గేమ్‌కి మాటలు రాస్తున్నా. నవల రాసే చేతికి ఇది వేరే లోకమబ్బా. పుస్తకంలో రాజమహల్ మెట్లు పాఠకుడు ఎప్పుడెక్కాలో మన చేతిలో ఉంటుంది. గేమ్‌లో ఆడేవాడు ఆ మెట్ల మీదే పది నిమిషాలు గెంతుతా ఉండొచ్చు. ఇంక భయమెక్కడిది?

అందుకే కాపలావాడు "ఎవురది?" అనే ఒక్క సందర్భానికే కనీసం ఎనిమిది రకాల మాటలు కావాలి. అదే మాట మూడోసారి వినబడితే వాడు టేప్ రికార్డరే. ఐదారు పదాలు దాటినా కష్టమే, ఆడేవాడు పరిగెత్తితే సగంలో తెగిపోతుంది. శబ్దాలూ చూసుకోవాలి: రాజమహల్ కట్టింది రాయి, ఇటుక, సున్నంతో. కలప వాడలేదు. కాబట్టి కిర్రుమనే చెక్క మెట్లు పెట్టకండి.

కథలో మూడుచోట్ల ఆడేవాడు ఎంచుకోడానికి మూడేసి దారులిస్తే 27 ముగింపులు. ఎవరు రాస్తారు సామీ! దారుల్ని మళ్లీ ఒకచోట కలిపేసి, "దీపం ఆర్పాడా లేదా" అన్న గుర్తొకటి దాచుకోండి. తర్వాతి సీన్‌లో రెండు వాక్యాలు మారిస్తే చాలు. ఈ కొమ్మలన్నీ గీసి చూసుకోడానికి ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితమే.

తెలుగులో అసలు తలనొప్పి ఒత్తులు. మాటలు రాసుకునే ఎక్సెల్‌లో బాగుంటాయి, గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అదే గేమ్ ఇంజిన్‌లోకి వెళ్లాక ఊడి పక్కన పడతాయి. అక్షరాల్ని కలిపి చూపే షేపింగ్ దాంట్లో లేకపోతే ఫాంట్ మార్చినా లాభం లేదు. పని మొదలుపెట్టకముందే "స్త్రీ, రాష్ట్రం, క్షేత్రం" తెర మీద చూపించమని ప్రోగ్రామర్‌ని అడగండి.