నాలుగో స్థానంలో వచ్చిన ఏడో నంబరు

న్యూజెర్సీలో మూడు నెలలున్నాను. నయాగరా చూశాను, లిబర్టీ విగ్రహం చూశాను, వాషింగ్టన్ ఒక్క రోజులో తిప్పి తీసుకొచ్చారు. వాటి గురించి రాయను, అవి అందరూ రాసేశారు. నేను రాసేది 2025 జూన్‌లో ఒక శనివారం సాయంత్రం ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో రెండు డాలర్లు పోగొట్టుకున్న సంగతి. రెండు డాలర్లంటే అప్పట్లో సుమారు నూట డెబ్బై రూపాయలు, అది పోతే పోయింది. దాంతోపాటు పందెంలో జంతువుని చూసి అంచనా వేయడం నాకొచ్చు అన్న గర్వం కూడా పోయింది, అదే ఇంకా జీర్ణం కావడం లేదు.

ఆ గర్వం ఊరికే రాలేదు. మాది అద్దంకి దగ్గర. మా బాబాయి ఇరవై ఏళ్లపాటు ఒంగోలు గిత్తల్ని మేపి బండలాగుడు పోటీలకు తిప్పాడు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్, ఇలా పళ్లను బట్టి, అంటే వయసును బట్టి ఉండే ప్రతి విభాగంలోనూ మా కాడి కట్టినవాళ్లమే. సంక్రాంతి సెలవులొస్తే నా పని టేపు రెండో కొస పట్టుకోవడం. జత ఆగిన చోట కొలిచి, అడుగులు అంగుళాలతో సహా మైకులో చెప్పేవాళ్లు. మొదటి రెండు రౌండ్లు ఉరికిన జతను చూసి జనం ఈలలేస్తుంటే బాబాయి మాత్రం బీడీ ముట్టించుకుని "ఆగరా, అయిదో రౌండులో చూద్దాం" అనేవాడు. చాలాసార్లు అయిదో రౌండుకి ఆ జత మొరాయించేది. అది చూస్తూ పెరిగినవాణ్ని కదా, గుర్రాలదేముందిలే అనుకున్నాను.

అల్లుడి ఆఫీసులో ఎవరో చెప్పారట, దగ్గర్లో గుర్రబ్బండి పందేలు జరుగుతాయని. "మామయ్యగారూ, జట్కా పందేలంట, చూస్తారా?" అన్నాడు. మా అమ్మాయి వెంటనే "బెట్టింగా నాన్నా? అమ్మకి చెప్తా" అంది. వాళ్లమ్మ పక్క గదిలోంచి "అన్నీ వింటున్నా" అంది. అలా అందరి అనుమతితో బయల్దేరాం. ఎడిసన్ నుంచి టర్న్‌పైక్ అనే టోలు రోడ్డెక్కి 16డబ్ల్యూ ఎగ్జిట్ దగ్గర దిగడమే, అక్కడివాళ్లకి దారి చెప్పక్కర్లేదు, టోలు సంగతి అసలే చెప్పక్కర్లేదు. దారిలో ఒకచోట కాఫీ తాగుదామని ఆగితే ఇద్దరికీ అయిన డబ్బుతో అద్దంకిలో ఒక కుటుంబం టిఫిన్ చేసి, ఇంటికి పొట్లం కూడా కట్టించుకోవచ్చు. ఆ కాఫీ కూడా చల్లారింది. మూడ్ అక్కడే కొంచెం పాడైంది.

మెడోలాండ్స్ ట్రాక్ పెద్ద ఫుట్‌బాల్ స్టేడియం పక్కనే ఉంటుంది. చుట్టూ ఒక మైలు. నేను జట్కా ఊహించుకుని వెళ్లానా, అక్కడున్నది సల్కీ అనే రెండు చక్రాల తేలిక బండి. బండి అనడానికి కూడా లేదు, సైకిల్ చక్రాలు రెండు, మధ్యలో చిన్న సీటు. డ్రైవరు కాళ్లు ముందుకి చాపి, గుర్రం తోక మొహానికి తగిలేంత దగ్గరగా వెల్లకిలా కూర్చుంటాడు. తెల్ల కారొకటి వెనక రెండు పక్కలా గేట్లు రెక్కల్లా చాచుకుని పరుగెడుతుంటే, వాటికి ముక్కులానించినట్టు పది గుర్రాలు దాని వెనకే వస్తాయి. గీత దాటగానే రెక్కలు ముడుచుకుని కారు జారుకుంటుంది. పందెం ఆపి మొదలుపెట్టడం ఉండదు, పరుగులోనే మొదలు. ఇది మాత్రం నాకు బాగా నచ్చింది.

మొదటి పందెంలోనే అభాసుపాలయ్యాను. వెనకబడిన రెండో నంబరు ఒక్కసారిగా నాలుగు కాళ్లూ ఎత్తి దౌడు తీసింది. నేను లేచి చప్పట్లు కొట్టాను. పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, టోపీ వెనక్కి తోసుకుని నా వంక జాలిగా చూశాడు. అసలు ఈ పందేల్లో దౌడు తీయడమే తప్పట. స్టాండర్డ్‌బ్రెడ్ అనే ఈ జాతి గుర్రాలు రెండు రకాలుగా పరుగెడతాయి. ట్రాట్ అంటే ముందు ఎడమ కాలు, వెనక కుడి కాలు కలిసి కదలడం. పేస్ అంటే ఒకే పక్క కాళ్లు రెండూ కలిసి కదలడం, ఆ ఊపు చూస్తే పడవ ఊగినట్టుంటుంది. నడక తప్పి దౌడులోకి వెళ్తే డ్రైవరు పక్కకి తీసి, కళ్లెం బిగించి, మళ్లీ నడకలోకి తేవాలి. ఈలోపు పందెం వెళ్లిపోతుంది. 1879లో, మైలుని రెండున్నర నిమిషాల్లో పరుగెత్తగలగడం ఈ జాతికి ప్రమాణంగా పెట్టారట, ఆ 'స్టాండర్డ్' పేరు అలా వచ్చిందట. ఇప్పుడు మామూలు శనివారం గుర్రాలు కూడా నిమిషం యాభై సెకన్ల చుట్టుపక్కల వచ్చేస్తున్నాయి.

పెద్దాయన ఫ్రీహోల్డ్ అనే ఇంకో పందేల ట్రాక్‌లో గుర్రాలు కడిగి, మేతేసి, జీను కట్టి బతికినవాడు. ఫ్రీహోల్డ్ ట్రాక్ 2024 డిసెంబర్‌లో మూతపడింది. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

తర్వాతి పందెంలో నేను నాలుగో నంబరు మీద రెండు డాలర్లు పెట్టాను. కారణం చెప్తే నవ్వుతారు, ఛాతీ వెడల్పుగా, మెడ బలంగా మా బాబాయి గిత్తలా ఉంది. అల్లుడు ఫోన్‌లో ఏదో మీటింగులో ఉన్నాడు, శనివారం పూట కూడా. గుర్రాలు కదిలాయి. నా నాలుగు మొదటి నుంచీ ముందుంది. దాని పక్కనే, బయటి వైపు, ఏడో నంబరు అంటిపెట్టుకుని ఉంది, లోపలికి చోటు దొరకలేదు, వెనక్కీ తగ్గలేదు. ముప్పావు మైలు దాకా నేను అరుస్తూనే ఉన్నాను. ఆఖరి మలుపు దాటాక నా గుర్రానికి ఎవరో బ్రేకు వేసినట్టయింది, ఎనిమిదో స్థానం. ఏడో నంబరు వెనకే నక్కి వచ్చిన మూడో నంబరు పక్కకి లాగి దూసుకెళ్లి గెలిచింది. చుట్టూ చప్పట్లు. ఏడు నాలుగో స్థానంలో వచ్చింది, దాన్నెవరూ పట్టించుకోలేదు.

"అద్భుతంగా గెలిచింది కదండీ మూడు" అన్నాను పెద్దాయనతో, ఓడిపోయినా మర్యాద ఉండాలి కదా అని. ఆయన తల అడ్డంగా ఊపి, పెన్సిల్ తీసి తన కార్యక్రమం పుస్తకంలో ఏడో నంబరు చుట్టూ గీత గీశాడు. "ఈ రాత్రి ఇక్కడ పరుగెత్తిన గుర్రం ఇదొక్కటే. మీ నాలుగుని చంపింది ఇదే. మూడుని గెలిపించింది ఇదే" అన్నాడు.

అప్పుడు బోర్డు చదవడం నేర్పాడు. 26.3, 54.1, 1:22.2, 1:50.4. పావు మైలు, అర మైలు, ముప్పావు, మొత్తం. నలభై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ని, చుక్క తర్వాత నాలుగంటే నాలుగు పదో వంతులనుకున్నాను. కాదట, అయిదో వంతులట! 1:50.4 అంటే నిమిషం యాభై సెకన్ల మీద నాలుగు అయిదో వంతులు. చుక్క పక్కన నాలుగు దాటి అంకె రాదు. ఇదెక్కడి పద్ధతండీ అని నిజంగానే విసుక్కున్నాను. ఆయన భుజాలెగరేశాడు, ఎప్పట్నుంచో ఇంతే అన్నాడు. అయిదో వంతు సెకనంటే సుమారుగా ఒక గుర్రం పొడవు అని లెక్క వేసుకుంటారట, అందుకే వాళ్లకి అదే సుఖం.

మొదటి సగం 54.1లో, అంటే చాలా వేగంగా, తిరిగారు. ఆ వేగాన్ని ముందున్న నాలుగూ, పక్కనున్న ఏడూ పోటీపడి తయారుచేశాయి. మిగతావి వాటి వెనక గాలి తగలకుండా హాయిగా వచ్చాయి. పరుగు సెకనుకి దాదాపు పదిహేను మీటర్లు, ఆ వేగంలో ఎదురుగాలిని చీల్చేవాడికీ చాటున వచ్చేవాడికీ చాలా తేడా ఉంటుంది. లోపలి అంచున ముందున్న నాలుగే ఆ వేగానికి తట్టుకోలేక ఎనిమిదికి పడిపోతే, బయట గాలి తింటూ, ప్రతి మలుపులో ఎక్కువ దూరం తిరుగుతూ వచ్చిన ఏడు రెండు పొడవుల తేడాతో నాలుగో స్థానంలో నిలబడింది. ఆయన తన పుస్తకంలో పాత పందేల వరసలు చూపించాడు. ఒక్కో దశలో గుర్రం ఎన్నో స్థానంలో ఉందో అంకె ఉంటుంది, కొన్ని అంకెల నెత్తిన పక్కగా చిన్న సున్నా. ఆ సున్నా ఉంటే గుర్రం ఆ దశలో బయటి వరసలో ఉందని. "జనం చివరి అంకె చూస్తారు. నేను సున్నాలు లెక్కపెడతాను" అన్నాడు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. కాఫీ బిల్లు వెనక లెక్క వేశాను. రెండు మీటర్లు బయటగా తిరిగిందనుకుంటే, ఒక్కో మలుపు అర్ధవృత్తం కాబట్టి పై (π) ఇంటూ రెండు, ఆరు మీటర్ల పైన. రెండు మలుపులకీ పన్నెండున్నర. సెకన్లలో సుమారు 0.85. ఏడో నంబరు సొంత టైము 1:51.1 అనుకుంటే, లోపలి అంచున వచ్చి ఉంటే 1:50 మీద ఒకటి రెండు అయిదో వంతులు. గెలిచిన మూడు కూడా చివరి మలుపు బయటే తిరిగింది కాబట్టి దానికీ సగం తీసేయాలి. తీసేస్తే రెండూ దాదాపు సమానం! గాలి సంగతి ఇంకా లెక్కలోకే రాలేదు. పెద్దాయనకి కాగితం చూపిస్తే, కళ్లద్దాలు పెట్టుకుని ఓపిగ్గా చూసి, "ఇంత కష్టం దేనికి, కళ్లతో చూస్తే సరిపోయేది" అన్నాడు.

బాబాయి కూడా సరిగ్గా ఇలాగే అనేవాడు. కానీ మన దగ్గర ఒక తేడా ఉంది. బండలాగుడులో ఒక జత ఒంటరిగా లాగుతుంది, ఇంకో జత వెనక నక్కడానికి వీలే లేదు. కొలత నేల మీద ఉంటుంది. ఈ మాట చెప్తే ఆయన ఉత్సాహంగా, అలాంటిది మా దగ్గరా ఉండేది, గడియారం మీద ఒంటరి పరుగు అన్నాడు. 1980లో లెక్సింగ్టన్‌లో నయాట్రాస్ అనే గుర్రం అలాగే 1:49.1లో మైలు పరుగెత్తింది, అంతకుముందున్న 1:52 మీద దాదాపు మూడు సెకన్లు తగ్గించింది. "మరి గొప్ప అదేనా?" అంటే ట్రాక్ వైపు వేలు చూపించాడు. 2022 జూలైలో ఇక్కడే బుల్‌డాగ్ హనోవర్ నిజం పందెంలో 1:45.4 పరుగెత్తి, 1:46 లోపు వచ్చిన మొదటి గుర్రమైంది. ఆ రాత్రి ఈ రెయిలింగు దగ్గరే నిలబడ్డాడట.

ఆ తర్వాత ఇంకో పందెంలో నన్ను పరీక్షించాడు. ముందున్న గుర్రం నాలుగు పొడవుల తేడాతో గెలిచింది, జనం లేచి నిలబడ్డారు. నేను బోర్డు చూశాను. అర మైలు 57.4. నెమ్మది. "దొంగిలించాడు. ముందు కూర్చుని నెమ్మదిగా నడిపించి, ఆఖర్లో వదిలాడు" అన్నాను. ఆయన సంతోషించాడు. చివరి పావు 26.3, వెనకున్నవాళ్లు ఎంత ఉరికినా అందదు. అందులో తొమ్మిదో స్థానం నుంచి మూడుకి వచ్చిన గుర్రాన్ని రాసుకోమన్నాడు. "ఇది డ్రైవరు గెలుపు, గుర్రం గెలుపు కాదు" అన్నాడు. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. మొదటి రౌండ్లలో జతని ఆపి పట్టడం తెలిసినవాడికే మన దగ్గర అడుగులు వస్తాయి. మనిషి తెలివి ఎక్కడ ఆగింది, పశువు బలం ఎక్కడ మొదలైంది అని ఎవరు గీత గీస్తారు? ఆయన టోపీ సర్దుకుని, మీ ఎద్దులు వేరు అన్నాడు. అల్లుడి మీటింగు అప్పటికి అయిపోయింది.

ఇంటికొచ్చేసరికి పదకొండు దాటింది, అంటే మన ఊళ్లో ఆదివారం పొద్దున్నే. బాబాయికి ఫోన్ చేశాను. ఎనభై నాలుగేళ్లు, చెవి సరిగా వినపడదు. అయిదో వంతులు, సున్నాలు, ఏడో నంబరు, అన్నీ గట్టిగా అరిచి చెప్పాను, మా అమ్మాయి వచ్చి తలుపు వేసి వెళ్లింది. అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"బండ ఎంత బరువురా?" అన్నాడు.

"బండ ఉండదు బాబాయ్. తేలిక బండి, మనిషొక్కడు కూర్చుంటాడు."

"మరి లాగేదేముంది?" అని ఫోన్ మా పిన్నికిచ్చేశాడు.