హయ్యర్ గారికి పిల్లలు ఉన్నారా టీచర్?

1842 జూలై 31న అమెరికా లూథరన్ (ప్రొటెస్టంట్లలో ఒక శాఖ) మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టారు. అప్పటి కలెక్టర్ స్టోక్స్ దొర ఆయన్ని ఆదరించడం, బడి మొదలుకావడం, తర్వాత ఆయన పల్నాడు వెళ్లడం, ఇదంతా నేను ఏళ్ల తరబడి సండే స్కూల్ పిల్లలకు చెబుతూనే ఉన్నాను. రెండేళ్ల కిందట కూడా అలాగే చెబుతుంటే, ఆరో తరగతి చదివే బాబు ఒకడు లేచి "హయ్యర్ గారికి పిల్లలు ఉన్నారా టీచర్?" అని అడిగాడు.

నాకు జవాబు తెలియలేదు. గుంటూరు వచ్చేనాటికి ఆయనకు నలభై తొమ్మిదేళ్లు నిండి మూడు వారాలు. అంత వయసు మనిషి వెనక ఒక ఇల్లు ఉండి ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు. నేను చెప్పే కథలో ఆయన ఓడ దిగిన రోజునే పుట్టినట్టు ఉండేది.

అప్పటికి నేను రిటైరై ఏడాదైంది. బ్రాడీపేటలో మా ఇంట్లో అమ్మాయి వదిలేసి వెళ్లిన లాప్‌టాప్ ఉంది. సాయంత్రం టీ తాగి దాని ముందు కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

మొదట దొరికింది పుట్టుక. జర్మనీలో హెల్మ్‌స్టెట్ అనే ఊళ్లో 1793 జూలై 10న పుట్టారు. తండ్రి జంతు చర్మాల వ్యాపారి. 1806లో నెపోలియన్ సైన్యాలు ఆ ప్రాంతాన్ని ఆక్రమించాయి. ఆ మరుసటి ఏడాది, కన్ఫర్మేషన్ (చర్చిలో పూర్తి సభ్యుడిగా చేర్చుకునే కార్యక్రమం) అయిన వెంటనే, పద్నాలుగేళ్ల పిల్లాణ్ని అమెరికాలో ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ దగ్గరికి పంపేశారు. మేనమామదీ చర్మాలు, టోపీల పనే. ఇది చదివి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. మా అబ్బాయిని పద్నాలుగో ఏట హాస్టల్లో దింపి వస్తూ బస్టాండు దాకా ఏడ్చాను. ఆ తల్లి పిల్లాణ్ని సముద్రం దాటించింది.

అక్కణ్నుంచి ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. జర్మనీలో ఆయన యోహాన్ క్రిస్టియన్ ఫ్రీడ్రిక్. అమెరికాలో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్. మనం కొందరం హయ్యర్ అంటాం, కొందరం హేయర్ అంటాం. అక్కడి రాతగాళ్లు కూడా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నారు. నేను నెలన్నర పాటు వేరే హయ్యర్ల కుటుంబాన్ని ఈయనదే అనుకుని వంశవృక్షం గీశాను. చివరికి ఊరు కలవలేదు, వృత్తి కలవలేదు. ఆ కాగితం చించేయడానికి మనసొప్పక అటక మీద పెట్టాను.

ఆయన పాస్టరు పని మొదలైంది కొత్తగా జనం స్థిరపడుతున్న సరిహద్దు ప్రాంతాల్లో. 1817లో పెన్సిల్వేనియా వాయవ్యంలో క్రాఫోర్డ్, ఈరీ కౌంటీలు. అప్పటికి అక్కడ అడవులు కొట్టి ఇళ్లు కట్టుకుంటున్నారు. లూథరన్ కుటుంబాలు ఎక్కడెక్కడో విసిరేసినట్టు ఉండేవి. పాస్టరు గుర్రం మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవాలి. ఒకచోట జర్మన్‌లో, మరోచోట ఇంగ్లీషులో ప్రసంగించాలి. తర్వాత మేరీలాండ్‌లో కంబర్లాండ్, మళ్లీ పెన్సిల్వేనియాలో సోమర్సెట్, ఆ తర్వాత ఇంకా పడమరగా ఇండియానా, ఇల్లినాయ్, మిస్సోరీ. 1837లో పిట్స్‌బర్గ్‌లో చర్చి సంఘాలు నిలబెట్టారు. ఇవన్నీ అయ్యాకే మన దగ్గరికి వచ్చారు. పల్నాడులో గురజాలకు ఆయన అంత ధైర్యంగా ఎలా వెళ్లగలిగారో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. దారి సరిగా లేని చోటికి ఒక్కడే వెళ్లడం ఆయనకు అప్పటికి ఇరవై ఏళ్ల అలవాటు.

ఇక ఆ బాబు ప్రశ్న. హయ్యర్ 1819లో మేరీ అనే ఆమెను పెళ్లి చేసుకున్నారు. ఆమె అప్పటికే వితంతువు, పిల్లల తల్లి. వీళ్లిద్దరికీ కూడా పిల్లలు కలిగారు. ఆయన గుర్రం మీద సంఘాలు తిరుగుతున్న ఏళ్లన్నీ ఇంట్లో ఆ పిల్లలతో ఉన్నది మేరీయే.

ఆమె కోసం జనాభా లెక్కలు వెతికాను. అమెరికాలో 1790 నుంచి పదేళ్లకోసారి లెక్కలు తీస్తున్నారు. అయితే 1840 వరకూ ఇంటి పెద్ద పేరు ఒక్కటే రాసేవారు. మిగతా వాళ్లందరూ వయసుల వారీగా గీసిన గళ్లలో అంకెలే. 1850లోనే మొదటిసారి, బానిసలు తప్ప, ఇంట్లో ప్రతి ఒక్కరి పేరూ, వయసూ, పుట్టిన చోటూ రాశారు. మేరీ 1839లో చనిపోయింది. అంటే పెళ్లయ్యాక వచ్చిన రెండు లెక్కల్లో, 1820లోనూ 1830లోనూ, ఆమె ఒక గడిలో ఒక అంకె. అంతే. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

సరే, పేర్లు రాసిన 1850లో ఆయన్నైనా పట్టుకుందామని వెతికాను. దొరకలేదు. అక్షరాలు మార్చి మార్చి వారం రోజులు వెతికాను. అప్పుడు తట్టింది. 1850లో ఆయన అమెరికాలో ఎక్కడున్నారు? 1845 చివర వెనక్కి వెళ్లి, బాల్టిమోర్‌లో వైద్యం చదివి, 1848లో మళ్లీ వచ్చేశారు. 1849 నుంచి గురజాలలో ఉన్నారు. మా నాయనమ్మ పుట్టిల్లు గురజాల పక్క పల్లె. వాళ్ల దేశపు లెక్కలో ఆయన కనబడని ఏడాది మా నాయనమ్మ ముత్తాతలు ఆయన్ని చూసి ఉంటారు! 1857లో వెళ్లిపోయి మిన్నెసోటా సరిహద్దుల్లో పనిచేసి, అక్కడ 1860లో సినడ్ (చర్చి సంఘాలన్నిటి కూటమి) పెట్టారు. 1869లో, డెబ్బై ఆరేళ్ల వయసులో, మళ్లీ రాజమండ్రి వచ్చారు. కాబట్టి 1870 లెక్కలప్పుడు కూడా మన దగ్గరే.

పెన్సిల్వేనియాలో రాష్ట్రమంతా జనన మరణాలు నమోదు చేయడం మొదలైంది 1906లో. అంతకు ముందు కాలానికి చర్చి రిజిస్టర్లు, సమాధి రాళ్లు, ఇంట్లో బైబిల్ మొదటి పేజీలు, ఎక్కువగా ఇవే ఆధారం. బైబిల్ పేజీ అనగానే మా నాయనమ్మ ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. ఆమె బైబిల్ అట్ట లోపల తాతయ్య పెన్సిలుతో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు రాశాడు. ఏడుగురు. మూడో పేరు పక్కన చిన్న శిలువ గుర్తు ఉంది. ఆ పాప గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. అమెరికా పాస్టరు గారి ఇల్లు వెతుకుతూ వెళ్లి, నాకొక మేనత్త ఉండేదని అరవై ఏళ్లకు తెలుసుకున్నాను.

హయ్యర్ 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో చనిపోయారు. సోమర్సెట్ కౌంటీలో ఫ్రీడెన్స్ అనే చిన్న ఊరి చర్చి శ్మశానంలో, భార్య పక్కన పాతిపెట్టారు. ముప్పై నాలుగేళ్ల తర్వాత ఆమె దగ్గరికే వెళ్లారు. మా అక్క కొడుకు పిట్స్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. "నాన్నా, ఒక్కసారి వెళ్లి చూసి రారా" అని వాడి వెంట పడ్డాను. మొన్న మే నెలలో ఒక శనివారం భార్యతో కలిసి కారులో వెళ్లాడు. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అక్కడ పొద్దున పదకొండు. వీడియో కాల్ చేశాడు. కరెంటు పోతుందేమోనని టెన్షన్, ఫోను చార్జింగులోంచి తీయలేదు. గాలికి గడ్డి ఊగుతోంది, వాడి మాట సగం వినబడటం లేదు.

"పిన్నీ, పూలు ఒక్క గుత్తే తెచ్చాను. ఎవరి దగ్గర పెట్టమంటావు?"

"ఆమె దగ్గర పెట్టు నాన్నా" అన్నాను.