గ్రూప్-2 ప్రిపరేషన్‌లో నేను కొన్న రెండు ట్యాబ్‌లు

తెలంగాణ గ్రూప్-2 ఉద్యోగాల సెలక్షన్ లిస్ట్‌లో నా హాల్‌టికెట్ నంబర్ చూసుకున్న రోజు నుంచి జూనియర్లు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఏ పుస్తకాలు చదివావని అడిగేవాళ్లు తక్కువ, "అక్కా, ట్యాబ్ ఏది తీసుకోమంటావ్?" అని అడిగేవాళ్లే ఎక్కువ. నాలుగు పేపర్లు, 600 మార్కులు, సిలబస్ కాగితం మీ అందరి గోడల మీదా అంటించే ఉంటుంది. ఆ సంగతులు మళ్లీ రాయను. ట్యాబ్ గురించి మాత్రం తీరిగ్గా చెప్తాను, ఎందుకంటే తప్పు ట్యాబ్ కొని దాదాపు ఏడాది నష్టపోయాను. తెలుగు మీడియం వాళ్లు, ఇంటి దగ్గర అడిగి డబ్బు తెచ్చుకునేవాళ్లు దయచేసి పూర్తిగా చదవండి.

2022 డిసెంబర్ చివర్లో 783 పోస్టులతో గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చింది. గ్రూప్-4 కూడా ఆ నెలలోనే. అప్పటికి నేను హైదరాబాద్‌లోని అశోక్‌నగర్ హాస్టల్‌కి వచ్చి ఆరు నెలలు. క్లాస్ నోట్సులు, కరెంట్ అఫైర్స్, పాత పేపర్లు అన్నీ టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లుగా వచ్చేవి. ఫోన్‌లో చదివితే సాయంత్రానికి తలనొప్పి. ప్రింట్లు తీయిస్తే జిరాక్స్ షాపుకే నెలకు వెయ్యి రూపాయలు పోయేవి. మా బాపు (నాన్న) జమ్మికుంట మార్కెట్‌లో పత్తి అమ్మిన డబ్బులోంచి పది వేలు పంపాడు. "సదువుకే గద బిడ్డా, మంచిది జూసి కొనుక్కో" అన్నాడు.

మంచిదే చూసి కొన్నాననుకున్నాను. షాపతను ఒక సినిమా పాట పెట్టి చూపించాడు. బొమ్మ బాగుంది, సౌండ్ బాగుంది. సిమ్ వేసుకోవచ్చు, హ్యాండ్‌బ్యాగ్‌లో పడుతుంది, కవర్ ఫ్రీ. 8 అంగుళాల తెర, 2 జీబీ ర్యామ్. కంపెనీ పేరు అనవసరం. షాపులో ఒక్క పీడీఎఫ్ కూడా తెరిచి చూడలేదు, పొరపాటు అక్కడే జరిగింది.

ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. 8 అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 11 సెంటీమీటర్లు కూడా రాదు. పేజీ సగానికి కుంచించుకుపోతుంది. ఇంగ్లిష్ అయితే ఎలాగోలా చదివేయొచ్చు. మన అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు. "రాష్ట్ర", "లక్ష్యం", "స్వాతంత్ర్యం" లాంటి మాటలు జిరాక్స్‌ని మళ్లీ స్కాన్ చేసిన నోట్స్‌లో ఎలా ఉంటాయో చూడండి, వత్తులన్నీ కలిసిపోయి నల్లటి మచ్చలా కనిపిస్తాయి. వేళ్లతో పెద్దది చేస్తే లైన్ తెర దాటిపోతుంది, ప్రతి లైన్‌కూ పేజీని కుడికీ ఎడమకీ జరుపుకుంటూ చదవాలి. ఫైల్ 400 పేజీలదైతే పేజీ తిప్పినప్పుడల్లా తెర తెల్లగా అయిపోయి ఆగిపోయేది. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నుంచి కూర్చుని సాయంత్రానికి ఇరవై పేజీలు మాత్రమే పూర్తి చేసిన రోజులున్నాయి.

చదవడం కష్టమయ్యేసరికి వీడియో క్లాసుల వైపు మళ్లాను. వాటికి ఆ ట్యాబ్ బాగానే పనిచేసేది. ఆరు గంటలు క్లాసులు విని, ఆరు గంటలు చదివానని డైరీలో రాసుకునేదాన్ని. 2023 జూలై 1న గ్రూప్-4 రాశాను. ప్రశ్న చూడగానే సార్ గొంతు గుర్తొస్తోంది, జవాబు మాత్రం గుర్తు రావట్లేదు. మెరిట్ లిస్ట్ వచ్చాక నా ర్యాంక్ ఇంట్లో చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

అసలు దెబ్బ ఆ నవంబర్‌లో తగిలింది. గ్రూప్-2 ఆగస్టు నుంచి నవంబర్‌కి, అక్కడి నుంచి జనవరికి వాయిదా పడింది కదా, ఆ మధ్యలో ఒక పాలిటీ మాక్ టెస్ట్ రాశాను. రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు ఇచ్చిన అంశాలెన్ని? నేను 13 పెట్టాను. కీలో 18. కీ తప్పని రూమ్మేట్‌తో వాదించాను. నా షార్ట్ నోట్స్ తీసి చూపించాను, ఎర్ర ఇంకుతో చుట్టూ గీసి మరీ రాసుకున్నాను: 11వ షెడ్యూల్ 29, 12వ షెడ్యూల్ 13. తను ఏమీ అనకుండా అదే పీడీఎఫ్‌ను తన ట్యాబ్‌లో తెరిచి నా ముందు పెట్టింది. 18 అని ఉంది. 8 అంకెకు ఎడమ పక్క గీత స్కాన్‌లో పలచబడింది. నా తెర మీద ఆ కాస్త గీత కూడా ఎగిరిపోయి 3 లాగా కనిపిస్తోంది. ఆ తప్పును ఎనిమిది నెలలు రివిజన్ చేశాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు నోట్స్‌లోని ప్రతి అంకెనూ పుస్తకాలతో సరిచూసుకుంటే ఇంకో తొమ్మిది తప్పులు బయటపడ్డాయి. 1973 సెప్టెంబర్ 21 నాటి ఆరు సూత్రాల పథకం నా నోట్స్‌లో 1978లో ఉంది. తెలంగాణ ఉద్యమం మీద ఉండే పేపర్-4కి చదువుతున్న మనిషి నోట్స్‌లో!

రెండు ట్యాబ్‌లనూ పక్కపక్కన పెట్టుకుని చూశాక తేడా అర్థమైంది. నాది 1280 బై 800 చుక్కల (పిక్సెల్స్) తెర. నిలువుగా పట్టుకుంటే ఒక లైన్ మొత్తం 800 చుక్కల్లో సర్దుకోవాలి. తనది 10.4 అంగుళాలు, 2000 బై 1200. అదే లైన్‌కు 1200 చుక్కలు దొరుకుతాయి. వత్తు విడిగా కనబడేది ఆ తేడాతోనే. 10 అంగుళాల తెర ఉండి కూడా 1280 బై 800తో వచ్చే ట్యాబ్‌లున్నాయి, జాగ్రత్త. వాటిలో అక్షరం పెద్దదవుతుంది గానీ మసక పోదు. బాక్స్ మీద 1920 బై 1200కి తగ్గకుండా ఉందో లేదో చూసుకోండి.

డిసెంబర్‌లో, హాస్టల్ పక్కింటి పిల్లలకు ట్యూషన్ చెప్పిన డబ్బుతో, ప్రిపరేషన్ మానేసి వెళ్లిపోతున్న ఒక సీనియర్ దగ్గర పదహారు వేలకు శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ తీసుకున్నాను. 2020లో వచ్చిన మోడల్. 10.4 అంగుళాలు, 4 జీబీ ర్యామ్. ఎస్ పెన్ బాక్స్‌లోనే వస్తుంది, దానికి చార్జింగ్ అక్కర్లేదు. తొమ్మిదో తరం ఐప్యాడ్ కూడా చూశాను, దాని తెర అడ్డం ఎక్కువగా ఉంటుంది కాబట్టి పేజీ చక్కగా పడుతుంది. కానీ పెన్సిల్ విడిగా కొనాలి, నా లెక్కలో సరిపోలేదు. షావోమీ ప్యాడ్ 6ది 11 అంగుళాల మంచి తెర, దానికీ పెన్ విడిగానే. మీ బడ్జెట్ ఎక్కువైతే ఆ కంపెనీల ట్యాబ్‌లూ చూడండి. 6 అంగుళాల కిండిల్ మాత్రం మన స్కాన్ పీడీఎఫ్‌లకు వద్దు.

పెన్ ఎందుకంటారా? రెండు వందల రూపాయల రబ్బరు మొన పెన్నుతో రాసి చూడండి, అరచేయి తెరకు ఆనగానే గీతలు పడతాయి. ఎస్ పెన్ లాంటిదైతే చేయి ఆనించి కాగితం మీద రాసినట్టే రాసుకోవచ్చు. పీడీఎఫ్ మార్జిన్‌లోనే పాత పేపర్ ప్రశ్న రాసుకోవడం నాకు అప్పుడే అలవాటైంది. రివిజన్‌కి ఇంకో నోట్‌బుక్ తెరవాల్సిన పని తప్పింది. రాష్ట్ర ప్రభుత్వ సోషియో ఎకనామిక్ ఔట్‌లుక్ నివేదికలోని పట్టికలన్నీ అలాగే పూర్తి చేశాను.

సిమ్ ఉన్న మోడల్ తీసుకోకండి. నెట్ కావాలంటే ఫోన్ హాట్‌స్పాట్ చాలు, డబ్బూ మిగులుతుంది. నేను రాత్రి పీడీఎఫ్‌లు దించుకుని, పొద్దున ఫోన్ హాస్టల్‌లో వదిలేసి లైబ్రరీకి వెళ్లేదాన్ని. నెట్ లేని ట్యాబ్ పుస్తకంతో సమానం. ఇక్కడ చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ గట్టిగానే చెప్తాను. విన్న గంటల్ని చదివిన గంటల్లో కలపకండి. క్లాస్ ఒకసారి వినండి, ఆ తర్వాత మూడుసార్లు చదవండి. నెలకో ఛానల్ మార్చకండి. బాపు ఎండలో పత్తి ఏరి పంపిన డబ్బు అది, దాంతో కొన్న వస్తువు మీద రీల్స్ చూడటానికి మనసెలా ఒప్పుతుంది?

మునుపు సెలెక్ట్ అయినవాళ్లు ట్యాబ్‌లతో చదివారా అని కొందరు అంటున్నారు. నేనూ తెలుగు అకాడమీ పుస్తకాలు కాగితం మీదే చదివాను, టెస్టులన్నీ ఓఎంఆర్ షీట్ మీద బాల్ పెన్‌తోనే రాశాను. కానీ సగం మెటీరియల్ పీడీఎఫ్‌లుగా వస్తున్నప్పుడు, అద్దె, మెస్ బిల్లు పోను మిగిలింది జిరాక్స్‌కి పెట్టలేనివాళ్లు ఏం చేయాలి? రెండో ట్యాబ్ కొన్నందుకు నేను ఈ రోజుకూ బాధపడను. దాంతోనే ఏడాది పాటు రోజుకు 60, 70 పేజీలు చదవగలిగాను. మళ్లీ వాయిదాలు పడ్డాయి, ఆగస్టు పోయి డిసెంబర్ వచ్చింది. 2024 డిసెంబర్ 15, 16న రాశాను. పేపర్-3లో టైమ్ సరిపోక కాస్త టెన్షన్ పడ్డాను, మిగతావి అనుకున్నట్టే వెళ్లాయి. ఏఎస్ఓ (అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్) పోస్టు వచ్చింది.

వాడిన ట్యాబ్ కొనేవాళ్లు అరగంట దగ్గర కూర్చుని బ్యాటరీ ఎంత పడిపోతోందో చూడండి. తెల్ల పేజీ తెరిచి మచ్చలున్నాయేమో చూడండి, పెన్‌తో నాలుగు మూలలా గీయండి. కొత్తదైనా పాతదైనా, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మసకగా ఉన్న తెలుగు పీడీఎఫ్‌ను ఫోన్‌లో పెట్టుకుని షాపుకు వెళ్లండి. దాన్ని ఆ ట్యాబ్‌లోకి పంపించి, నిలువుగా పట్టుకుని, పెద్దది చేయకుండా ఒక పేజీ చదవండి. అలాంటిది మీ దగ్గర లేకపోతే అడగండి, నా 12వ షెడ్యూల్ పేజీ పంపిస్తాను.