54 అంటే ఇండియా

మా హైస్కూల్లో లైబ్రరీ అంటే హెడ్మాస్టర్ గారి గదిలో తాళం వేసిన బీరువా. అందుకే డిగ్రీలో చేరి లైబ్రరీ కార్డు చేతికొచ్చాక కూడా, కౌంటర్ దగ్గర పుస్తకం పేరు చెబితే వాళ్లే తెచ్చిస్తారనుకున్నా. "నువ్వే వెళ్లి తీసుకోమ్మా, ఎకనామిక్స్ 330 దగ్గరుంటుంది" అన్నారు లైబ్రేరియన్ మేడమ్, రిజిస్టర్‌లోంచి తలెత్తకుండా.

వెళ్లి చూస్తే ప్రతి పుస్తకం వెన్ను మీదా ఒక తెల్ల చీటీ. పైన నంబరు, కింద రచయిత పేరులో మొదటి మూడక్షరాలు. భారత ఆర్థిక వ్యవస్థకి 330.954. పాలిటిక్స్ ర్యాకులో 320.954. చరిత్ర దగ్గర 954. ఎక్కడ చూసినా ఈ 54 ఏంటని మేడమ్‌నే అడిగా. ఈసారి తలెత్తారు. "54 అంటే ఇండియా. సబ్జెక్టు నంబరు ముందు, దేశం నంబరు వెనక." మెల్విల్ డ్యూయీ అనే అమెరికన్ 1876లో తెచ్చిన పద్ధతట.

అప్పట్నుంచి ర్యాకుల మధ్య తిరగడం అలవాటైపోయింది. కంప్యూటర్లో వెతకాలంటే ఏం కావాలో ముందే తెలిసుండాలి కదా! ర్యాకు దగ్గర ఆ బాధ లేదు. సిలబస్ పుస్తకం కోసం వెళ్లి, కాస్త పక్కకి జరిగితే 333లో భూమి, కౌలు మీద ఒక వరసంతా కనిపించింది. మా నాన్న ఏళ్లుగా కౌలుకే చేస్తున్నారు. కౌలుదారు పేరు కాగితాల మీదకి ఎందుకు ఎక్కదో అక్కడే నిలబడి చదివా. సిలబస్ పుస్తకం ఆ రోజు తీసుకోనేలేదు.

డ్యూయీ గారి మీద నాకో ఫిర్యాదు కూడా ఉంది. హిందీ సాహిత్యం 891.43లో ఉంటే, మన తెలుగు 894.827. అంటే టర్కిష్, ఫిన్నిష్ ఉండే 894లోకి మనల్ని తోసేశారు! మద్రాసులో లెక్కల పాఠాలు చెప్పి, తర్వాత లైబ్రేరియన్ అయిన రంగనాథన్ గారు పుస్తకాల వర్గీకరణకి 1933లోనే కోలన్ అనే మరో పద్ధతి తెచ్చారు. మా కాలేజీలో మాత్రం డ్యూయీదే రాజ్యం.

జూనియర్లకి ఒక్క మాట. చదివిన పుస్తకం మీరే ర్యాకులో పెట్టకండి, టేబుల్ మీదే వదిలేయండి. తప్పు చోట పెడితే అది పోయినట్టే లెక్క. సెమిస్టర్ పరీక్షలప్పుడు కొందరు కావాలనే దాస్తారు. మొన్న ఒక్కటే కాపీ ఉన్న స్టాటిస్టిక్స్ పుస్తకం కెమిస్ట్రీ 540లో దొరికింది. దాచిందెవరో గానీ, ఇష్యూ మాత్రం నా కార్డు మీదే అయింది.