గిన్నె చప్పుడు

రాత్రి పదకొండున్నర అయింది. అందరూ పడుకున్నారు. బాల్కనీలో పిల్లి దొడ్డికెళ్లే ఇసక బేసిను అలాగే ఉంది, పారబోయడానికి చెయ్యి రాలేదు.

పొద్దున్న మా పిల్లి పిల్ల పిక్క వెళ్లిపోయింది. మాలాగే ఒడిశాలోనే ఉన్న గుణుపురం నుంచి, దాన్ని పెంచుకుంటామని తల్లీ కూతురూ రైల్లో వచ్చారు. వెదురు బుట్ట, మూత మీద కట్టడానికి పాత చున్నీ తెచ్చుకున్నారు. ఆ అమ్మాయి తొమ్మిదో తరగతి. చెప్పిందల్లా బుద్ధిగా విని నోటుబుక్కులో రాసుకుంది. మొదటి నాలుగైదు రోజులు ఒక్క గదిలోనే ఉంచాలి, ఇల్లంతా ఒకేసారి వదిలితే బెదిరి పారిపోతుంది. మొదటి టీకా ఎనిమిదో వారంలో అయిపోయింది, రెండోది ఇంకో పది రోజుల్లో. పన్నెండు వారాలు నిండాక రేబిస్ సూది. ఇక్కడి పశువుల డాక్టరు దగ్గరికి వచ్చేవన్నీ ఆవులూ మేకలే కాబట్టి పిల్లి టీకా బరంపురం నుంచి ఐసు డబ్బాలో తెప్పించుకున్నాం, అదీ చెప్పాను. పిక్క పడుకునే తువ్వాలు ముక్క బుట్టలో వేశాను, తెలిసిన వాసన ఉంటుందని.

అన్నీ సరిగ్గానే జరిగాయి. నన్ను తినేస్తున్నది వేరే.

బుట్ట చూడగానే అది బీరువా కిందికి దూరిపోయింది. చిన్నోడు కర్ర తెస్తానంటే కసిరాను. స్టీలు గిన్నె తీసుకుని చెంచాతో టక్ టక్ టక్‌మని కొట్టాను, ఏడు వారాలుగా పూటపూటా కొట్టినట్టే. వచ్చేసింది. తోక నిటారుగా పెట్టుకుని, నా కాలికి ఒళ్లు రాసి, గిన్నెలోకి తొంగి చూసింది. గిన్నెలో ఏమీ లేదు. మళ్లీ నా మొహంలోకి చూసింది. అలాగే పట్టుకుని బుట్టలో పెట్టి మూతేశాను.

ఇది రాయకూడదనే అనుకున్నాను. రాద్దామనుకున్నది ఈ నెల రోజులూ వచ్చి చూసి వెళ్లినవాళ్ల గురించి. ఒక్కొక్కరూ గుర్తొస్తుంటే ఒళ్లు మండుతోంది. వచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మొదటి ప్రశ్న. "మగదా, ఆడదా?" ఆడది అనగానే చేతిలో ఉన్నదాన్ని కింద పెట్టేస్తారు. బియ్యం గోదాములో ఎలకల కోసం వచ్చినాయన అయితే పట్టుకుని కూడా చూడలేదు. "ఆడదైతే ఏడాదికి రెండు ఈతలమ్మా, ఎవరు పడతారు?" అన్నాడు. ఆపరేషన్ ఉంటుంది బాబూ, ఆరో నెల రాకముందే చేయిస్తే సరిపోతుంది, ఖర్చులో సగం నేనిస్తాను అంటే నా వైపు జాలిగా చూశాడు. ఇంకొకావిడ తెల్లది కావాలంది. ఫోన్‌లో ఫొటో చూసే కదమ్మా వచ్చావు! నలుపూ, ఎరుపూ, తెలుపూ మూడూ ఒంటి మీదున్న పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే అవుతుందని డాక్టరు చెప్పారు. నలుపు రంగు ఒక ఎక్స్ క్రోమోజోము మీద, ఎరుపు ఇంకో ఎక్స్ మీద వస్తాయట, రెండు ఎక్స్‌లు ఉంటే గానీ ఆ రెండూ కలిసి రావు. అంటే ఈ పిల్ల అందమూ, దాన్ని వద్దనడానికి వాళ్లు చెప్పే కారణమూ ఒక్కచోటి నుంచే వచ్చాయి. మూడు రంగులూ చూసి "అబ్బ ఎంత బాగుందో" అంటూనే ఆడదని మొహం తిప్పుకుంటే నాకు పిల్లి సంగతే గుర్తు రాలేదు. మా చిన్నత్త రెండోసారి కూతుర్ని కన్నప్పుడు ఆస్పత్రి వరండాలో వినబడిన మాటలు గుర్తొచ్చాయి.

కోట గోడ పక్క కాలవలో దొరికిన రోజు దీని బరువు 290 గ్రాములు. కూరగాయలు తూచే చిన్న కాటా మీద పెడితే అరచేయంత కూడా లేదు. చెవులు సరిగ్గా నిలబడలేదు. నేను స్నానానికి వెళ్లొచ్చేలోగా అత్తమ్మ ప్రేమకొద్దీ ఆవుపాలు పట్టేసింది, ఇంక రాత్రంతా నీళ్ల విరేచనాలు. ఆ రాత్రి దక్కదనే అనుకున్నాను. పిల్లి పిల్లల పాలపొడి వచ్చేదాకా ఎలా నెట్టుకొచ్చానో నాకే తెలియదు. మూడు గంటలకోసారి గోరువెచ్చగా, బోర్లా పడుకోబెట్టి సిరంజితో పట్టడం. వెల్లకిలా పెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు పట్టాక తడి దూదితో తుడిస్తే గానీ ఉచ్చ పోసేది కాదు. వెళ్లేనాటికి 940 గ్రాములు.

సాయంత్రం ఆ అమ్మాయి వీడియో పంపింది. పళ్లెం నిండా ఆవుపాలు, అందులో చపాతీ ముక్కలు. ఒడియాలో పెద్ద అక్షరాలతో రాసిచ్చిన కాగితం ఏమైనట్టు? పైగా పేరు మార్చేశారు. టికి అట. "ఆ టికి, ఆ" అని పిలుస్తోంది, ఆ అంటే రమ్మని. పిక్క మంచం కోడు వెనక నక్కి కదలటం లేదు. దానికి ఒడియా రాదు. మా ఇంట్లో దాని చెవిన పడిందంతా తెలుగే. రేపు పొద్దున్న మొదటి రైలుకి వెళ్లి తెచ్చేసుకుంటానని అన్నాను. మా ఆయన ఏమీ అనలేదు. అత్తమ్మే, "ఊరుకోవే, పిల్లి తన పిల్లల్నే ఏడిళ్లు తిప్పుతుంది. నువ్వు ఒక్కిల్లు మార్చావు" అంది.

భాష రాదనుకున్నానా, అక్కడి నుంచి మా చిన్నప్పటి పిల్లి రాణి గుర్తొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే పొద్దున్నుంచీ రాణే గుర్తొస్తోంది కాబోలు, నేను ఒప్పుకోలేదు.

1988. నాకు ఎనిమిదేళ్లు. రాణి బూడిద రంగుది, బాగా పెద్దది. పక్కింటి కోడిపిల్లల్ని వరసగా మూడు పట్టేసింది. వాళ్లు వీధిలో నిలబడి అమ్మని నానా మాటలూ అన్నారు. నాన్న గోనెసంచి తెచ్చారు. రాణి ఎవరికీ దొరకలేదు, గోడెక్కి కూచుంది. "నువ్వు పిలిస్తే వస్తుంది, పిలమ్మా" అన్నారు నాన్న. సంచిలో ఎండు నెత్తళ్లు నాలుగు వేశారు. సంచి మూతి రెండు చేతులతో తెరిచి పట్టుకున్నది నేనే. పిలిచింది నేనే. గోడ దిగి, తిన్నగా వచ్చి, ముందు నా చెయ్యి నాకి లోపలికెళ్లింది. ఆ గరుకు నాలిక నాకు ఇప్పటికీ తెలుస్తుంది.

నాన్న సైకిల్ మీద మహేంద్రతనయ ఏరు దాటి పాతపట్నం వైపు వదిలేసి వచ్చారు. నేను ఏడవలేదు. ఏరు దాటితే ఆంధ్రా, బోర్డులన్నీ తెలుగే, మనుషులంతా తెలుగే మాట్లాడతారు, రాణికి తెలుగు వచ్చు కదా, ఎవరో ఒకరు పిలుస్తారు, అన్నం పెడతారు అనుకున్నాను. అమ్మకి కూడా అదే చెప్పాను. అమ్మ ఏమీ అనకుండా నా తల నిమిరింది. చాలా రోజులు మహేంద్రతనయ ఒడ్డుకి బట్టలకి వెళ్లినప్పుడల్లా అవతలి గట్టు చూసేదాన్ని. అది రాలేదు.

ఇంత రాశాక, గుణుపురం వెళ్లాలన్న కోపం చల్లారింది. రాణిని ఎవరి ఇంటికీ ఇవ్వలేదు, వదిలేశాం. పిక్కని ఇద్దరు మనుషులు బుట్ట ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లారు. వీడియో మళ్లీ చూశాను. ఆ అమ్మాయి పాల పళ్లెం పక్కన నేల మీద బోర్లా పడుకుని ఉంది, పిల్లి కళ్ల ఎత్తుకి తన మొహం వచ్చేలా. అంతసేపూ ఒక్కసారి కూడా చెయ్యి చాపి లాగలేదు. ఒడియాలో టికి అంటే చిన్నది అనే. గింజంత ఉందని మేము పిక్క అన్నదీ అందుకే.

అయినా పాలు మాత్రం తప్పే. ఇప్పుడే వాయిస్ మెసేజ్ పెట్టాను. మావుసీ అని, అంటే పిన్నీ అని పిలుస్తుంది నన్ను, గట్టిగా చెప్పబుద్ధి కాలేదు. పాలు వద్దమ్మా, ఉడికించిన కోడి మాంసం చిన్న ముక్కలు చేసి పెట్టు, ఉప్పూ ఉల్లిపాయా తగలనివ్వకు, పక్కన మంచినీళ్లు ఉంచు అన్నాను. అది పంపేశాక ఇంకోటి పెట్టాను. రేపటి నుంచి స్టీలు గిన్నె మీద చెంచాతో కొట్టు, వస్తుంది. కానీ సూదికి గానీ మందుకి గానీ ఎప్పుడూ గిన్నె కొట్టి పిలవకు, ఎక్కడ నక్కితే అక్కడికి వెళ్లి నువ్వే ఎత్తుకో. గిన్నె కొట్టావంటే అందులో ఏదో ఒకటి ఉండాలి.