పాత బేస్ గిటార్: పోత బాడీయా, చెక్క బాడీయా?

మొదటి వారం

రెండు పాత బేస్ గిటార్లు ఒకేసారి చేతికి వచ్చాయి. రెండూ నాలుగు తీగలవే, రెండింటి స్కేలూ (తీగ మోగే పొడవు) 34 అంగుళాలే. ఒకదాని బాడీ, ఆరితే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి రెజిన్‌తో పోత పోసినది, రెండోదానిది ఆల్డర్ చెక్క. నెల రోజులు వాయించి చూసి, ఒకటి ఉంచుకుని రెండోది తిరిగి ఇచ్చేయాలన్నది ఒప్పందం.

మనసు మొదట పోత బాడీ వైపే మొగ్గింది. నా ఎడమ భుజం నొప్పి పాతది. గంటన్నర నిలబడి సాధన చేస్తే మర్నాడు చెయ్యి ఎత్తలేను. తూకం వేస్తే పోతది 3.4 కిలోలు, చెక్కది 4.2. అయితే సింథటిక్ అయినంత మాత్రాన తేలికగా ఉంటుందని కాదు. 1969లో ఆంపెగ్ కంపెనీ తెచ్చిన డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ బేస్ బాడీ అద్దంలాంటి యాక్రిలిక్. ఆ పదార్థం సాంద్రత ఆల్డర్‌కు రెట్టింపు పైనే. ఏ సింథటికో అడగకుండా నిర్ణయానికి రాకూడదు.

ఇంకొక సంగతి కూడా ముందే గమనించాలి. గిటార్ల రూపకర్త నెడ్ స్టైన్‌బర్గర్ తొలి బేస్‌లలో బాడీతో పాటు నెక్ (తీగలు సాగే పొడవాటి కాడ) కూడా కార్బన్ ఫైబర్ మిశ్రమమే. నా చేతిలో ఉన్నదాని నెక్ మాత్రం మేపుల్ చెక్క. గాలిలో తేమ మారితే వంగేది నెక్ కాబట్టి, బాడీ సింథటిక్ అయినందువల్ల శ్రుతి ఎక్కువ కాలం నిలుస్తుందన్న ఆశ ఇక్కడ పనికిరాదు.

రెండో వారం

రెండింటికీ ఒకే రకం కొత్త తీగలు వేశాను. స్నేహితుడు వాయిస్తుంటే నేను గోడ వైపు తిరిగి కూర్చుని విన్నాను. తేడా వినిపించింది, కానీ పికప్‌లు (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చేవి) వేరు గనుక అది చెక్క వల్ల వచ్చిందని చెప్పలేను. తీగలు, పికప్‌లు, వేళ్ళ దెబ్బ కలిసి స్వరాన్ని మార్చినంతగా బాడీ మార్చదని నా నమ్మకం. స్వరం విషయం అక్కడితో వదిలేశాను.

భుజం సంగతి మాత్రం నేను అనుకున్నదానికి పూర్తిగా తిరగబడింది. పోత బాడీ తేలిక కావడంతో నెక్ బరువు పైచేయి అయింది. చెయ్యి వదిలితే తల భాగం నేల వైపు జారిపోతోంది. దాన్ని ఎత్తి పట్టుకోవడం ఎడమ చేతి పని అయి, అరగంటకే భుజం పట్టేసింది. చెక్కది బరువైనా వదిలిన చోటే నిలిచింది. వెడల్పు తోలు స్ట్రాప్ వేశాక గంట వాయించినా ఇబ్బంది లేదు.

మూడో వారం

తల భాగంలో తేలికపాటి ట్యూనింగ్ కీలు (తీగలు బిగించే మరలు) వేస్తే పోతది కూడా నిలబడుతుందేమో అనుకుంటుండగా స్ట్రాప్ బటన్ (పట్టీ తగిలించే గుండీ) ఊగడం కనిపించింది. స్క్రూ విప్పితే రంధ్రంలోంచి తెల్లటి పొడి రాలింది. మళ్ళీ బిగిస్తే స్క్రూ ఊరికే తిరుగుతోంది, పట్టు లేదు. అనుమానంతో తీగలు వదులు చేసి బ్రిడ్జ్ (బాడీ మీద తీగల చివరలు పట్టి ఉంచే భాగం) స్క్రూలు చూశాను. అయిదింటిలో ఒకటి అలాగే తిరిగింది. నాలుగు తీగలు కలిసి లాగే బలం సుమారు 75 కిలోలు. ఆ లాగుడును ఆపవలసిన చోట పొడి రాలుతోందంటే ఇక ఆలోచించేదేముంది! ఎపాక్సీ నింపి, ఆరాక మళ్ళీ రంధ్రం వేసి బాగు చేయవచ్చు. కానీ పక్క స్క్రూ ఎప్పుడు వదులుతుందో అన్న దిగులు నాకు వద్దు.

చెక్క బాడీలో కూడా వెనక స్ట్రాప్ బటన్ వదులుగానే ఉంది. మూడు పళ్ళపుల్లలు చెక్క జిగురులో ముంచి రంధ్రంలో దిగ్గొట్టి, పైకి మిగిలినది కోసేసి, ఒక రాత్రి ఆరనిచ్చాను. పొద్దున స్క్రూ ఎక్కిస్తుంటే చివరి రెండు చుట్లకు మణికట్టు బిగపట్టాల్సి వచ్చింది. జిగురు చెక్క పీచులోకి ఇంకి ఒకటైపోతుంది. అదే జిగురు రెజిన్‌ను పట్టుకోదు.

నాలుగో వారం

పోతదాన్ని, వదులైన స్క్రూల సంగతి చెప్పి తిరిగి ఇచ్చేశాను. చెక్కదానికి సెటప్ (నెక్ వంపు, తీగల ఎత్తు సరిచేయడం) పూర్తయింది. లావు తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు మెట్టు) దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి చూస్తే ఎనిమిదో ఫ్రెట్ మీద ఖాళీ 0.8 మిల్లీమీటర్లు ఉండేది. ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల ఉండి దాని వంపు సరిచేసే కడ్డీ) పావు చుట్టు తిప్పి, ఒక రోజు ఆగి, మరో పావు చుట్టు తిప్పితే 0.35కు వచ్చింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు లావుదానికి 2.4, సన్నదానికి 2 మిల్లీమీటర్లు. వాల్యూమ్ నాబ్ తిప్పితే ఇంకా గరగరమంటోంది. వచ్చే ఆదివారం విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చూడాలి.