మా దొడ్లో గోబర్ గ్యాస్: గొయ్యి తవ్విన దగ్గర్నుంచి స్లర్రీ పొలానికి చేరేదాకా

తెనాలి దగ్గర పల్లె మాది. మూడెకరాల పైచిలుకు పొలం, ఐదు గేదెలు. సార్వాలో వరి వేస్తాం. కోతలయ్యాక అదే పొలంలో దుక్కి లేకుండా మొక్కజొన్న పెడతాం. గోబర్ గ్యాస్ కట్టిద్దామనే ఆలోచన నాకు మొక్కజొన్నకు వేసే యూరియా లెక్క చూసుకున్నప్పుడు వచ్చింది. ఏటికేడు మోతాదు పెంచితే తప్ప అదే దిగుబడి రావడం లేదు. ఇంకోపక్క దొడ్లో పేడ రోజుకు అరవై డెబ్బై కిలోలు పడుతోంది. అందులో సగం పిడకలై దాలిలోకి, పొయ్యిలోకి పోతోంది. మిగతాది పెంటకుప్పలో ఎండకు ఎండి, వానకు తడిసి సారం పోగొట్టుకుంటోంది.

పేడను గాలి తగలకుండా నీళ్ళలో కలిపి మురగబెడితే, అందులోని సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. వచ్చే గ్యాస్‌లో 55 నుంచి 65 శాతం దాకా మీథేన్ ఉంటుంది, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు మొత్తం గ్యాస్ పోగా మిగిలే పేడ ద్రవంలోనే, అంటే స్లర్రీలోనే ఉండిపోతాయి. అదే పేడను పిడక చేసి కాలిస్తే నత్రజని పొగలో కలిసి పోతుంది, పొలానికి దక్కేది బూడిదే. ఈ తేడా అర్థమయ్యాక ఇంక నేను ఆగదలుచుకోలేదు.

ఊళ్ళో మాత్రం ఎవరూ మెచ్చుకోలేదు. 1980ల్లో ప్రభుత్వం బయోగ్యాస్ పథకం పెట్టినప్పుడు మా దగ్గర కొందరు ఇనుప డ్రమ్ము తేలే ప్లాంట్లు కట్టించుకున్నారు. డ్రమ్ముకు ఏటా రంగు వేయకపోతే తుప్పు పడుతుంది, చిల్లు పడితే గ్యాస్ అంతా గాల్లోకే. ఒక్కొక్కటీ మూలనపడ్డాయి. "మళ్ళీ ఆ గోతుల గొడవ నీకెందుకురా" అని మా పెదనాన్న గట్టిగానే అన్నాడు. నేను ఎంచుకున్నది దీనబంధు మోడల్. ఇందులో డ్రమ్మే ఉండదు, భూమిలో ఇటుకలతో కట్టే గుమ్మటమే గ్యాస్‌ని పట్టి ఉంచుతుంది. అఫ్‌ప్రో (AFPRO) అనే స్వచ్ఛంద సంస్థ 1984లో దీన్ని తయారుచేసింది.

కాగితాల పని పెద్ద కష్టమేమీ కాదు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, స్థలం ఫోటోలు ఇచ్చి దరఖాస్తు పెట్టాం. అప్పటి కేంద్ర పథకంలో 2 నుంచి 4 ఘనపు మీటర్ల ప్లాంటుకు 14,350 రూపాయల సబ్సిడీ ఉంది. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు యాభై కిలోల పేడ కావాలి, మాకు సరిపోతుంది.

అసలు పరీక్ష గొయ్యి దగ్గర మొదలైంది. మాది డెల్టా నేల. కాలువలకు నీళ్ళు వదిలితే చాలు, నాలుగడుగుల్లోనే ఊట వస్తుంది. కాలువలు కట్టేసిన మే నెలలోనే తవ్వడం, కట్టడం, ప్లాస్టరింగ్ అన్నీ అయిపోవాలి. మెట్ట ప్రాంతాల్లో ఉన్నవాళ్ళకు ఈ తొందర ఉండదు, మాకు మాత్రం అదే పెద్ద టెన్షన్. పైగా నల్లరేగడి. ఎండకు నెర్రెలిస్తుంది, తడికి ఉబ్బుతుంది. అందుకని మేస్త్రి గొయ్యి అడుగున, చుట్టూ ఇసుక పోయించి, దాని మీద కంకర కాంక్రీటు వేయించాడు.

దీనబంధు కట్టడం తెలిసిన మేస్త్రి దొరకడమే సగం పని. మాకు దొరికినాయన పెద్దవాడు, మాట తక్కువ. గుమ్మటానికి కింద చెక్కలు, సెంట్రింగ్ ఏమీ పెట్టలేదు. గొయ్యి నడుమ ఒక మేకు కొట్టి, దానికి తీగ కట్టి, ఆ తీగ చివర అందేలా ఒక్కో ఇటుకనూ కూర్చోబెట్టాడు. ఇటుక పెట్టడం, తీగతో కొలవడం, సిమెంటు పట్టుకునేదాకా చేత్తో ఆపడం, తర్వాత పక్క ఇటుక. ఒక వరస చుట్టూ తిరిగి కలిసిపోయిందంటే ఇక దానంతట అదే నిలబడుతుంది. "తీగ ఒక వేలు అటూ ఇటూ అయినా బరువు ఒక పక్కకు పడద్ది బాబూ, తర్వాత పగులుద్ది" అని చెప్పి, నాకు అంతా బాగానే కనిపిస్తున్న ఒక వరసను మళ్ళీ ఊడదీయించాడు. ఎండలో పక్కన నిలబడి చూస్తూ ఆ చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది. లోపలి ప్లాస్టరింగ్ ఒక పొరతో సరిపెట్టలేదు. పొర మీద పొర, ఆపైన చిక్కటి సిమెంటు పాలు, చివర రంగు. ఇటుక నీళ్ళను ఆపితే చాలదు, గ్యాస్‌ను ఆపాలి. క్యూరింగ్ అయ్యాక నీళ్ళు నింపి మట్టం తగ్గుతుందేమో చూశాం. తగ్గలేదు. పైపు అతుకుల దగ్గర సబ్బు నురగ పెట్టి చూడటం పేడ నింపి గ్యాస్ వచ్చాక చేసిన పని.

మొదటి నింపుడికి ఒకటిన్నర టన్నుల దాకా పేడ కావాల్సి వచ్చింది. మనది చాలక పక్కిళ్ళ పేడ కూడా ట్రక్కులో తోలుకొచ్చాం. పేడ ఎంతో నీళ్ళు అంత. గడ్డి పోచలు ఏరేయాలి, ఇసుక అస్సలు పోకూడదు. గడ్డి పైకి తేలి తెట్టు కడుతుంది, ఇసుక అడుగున పేరుకుంటుంది. నడుస్తున్న వేరే ప్లాంటు నుంచి రెండు డ్రమ్ముల స్లర్రీ తెచ్చి తోడు వేశాం, పాలకు వేసినట్టే. మొదట వచ్చిన గ్యాస్ అంటుకోదు, దాన్లో గాలి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. మేస్త్రి ముందే చెప్పాడు గనక కంగారు పడకుండా వదిలేశాం. రెండో వారం దాటాక నీలి మంట వచ్చింది. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి చూసి, ముందుగా అడిగిన ప్రశ్న వాసన గురించే. కాలేటప్పుడు ఏ వాసనా లేదు.

మా అమ్మకు మొదట మనసొప్పలేదు. దేవుడి నైవేద్యం దాని మీద వండొచ్చా అని సందేహం. తర్వాత తనే, "పిడకల దాలిలో కాచిన పాలతోనేగా ఇన్నాళ్ళూ పరమాన్నం చేసింది" అంది, అంతటితో ఆ చర్చ ముగిసింది. స్టవ్వు మాత్రం బయోగ్యాస్‌కని చేసినదే తెచ్చుకోవాలి, మామూలు గ్యాస్ స్టవ్వు రంధ్రాలు దీనికి సరిపోవు. వానాకాలంలో ఒకసారి మంట ఊగిసలాడింది. పైపులో చెమ్మ దిగి నీళ్ళు నిలిచాయని తేలింది, పల్లంగా ఉన్నచోట నీళ్ళు వదిలే కుళాయి తిప్పితే సర్దుకుంది. చలికాలం గ్యాస్ తగ్గుతుంది, అప్పుడు సిలిండర్ కూడా వాడతాం. ఒక ఘనపు మీటరు బయోగ్యాస్ సుమారు 0.43 కిలోల వంట గ్యాస్‌తో సమానం. మంచి ఎండలున్న నెలల్లో మాకు సిలిండర్ తెప్పించే అవసరమే రావడం లేదు.

ఇక స్లర్రీ. బయటికి వచ్చేటప్పుడు చిక్కటి మజ్జిగలా ఉంటుంది. ఈగలు వాలవు, పచ్చి పేడ కంపు ఉండదు, చేత్తో తీసి చూస్తే నార ముక్కలు తప్ప ఏమీ తగలవు. ప్లాంటు పక్కనే రెండు గోతులు తవ్వి, ఒకటి నిండుతుంటే రెండోదాన్ని ఎండుటాకు, వరి ఊకతో కలిపి ఆరనిస్తాం. వీలైనప్పుడు పచ్చి స్లర్రీనే నీళ్ళలో కలిపి బోదెల్లో పారిస్తాను, ఎండబెడితే నత్రజని కొంత గాల్లోకి పోతుంది కాబట్టి. మొదటి పంటకు పెద్దగా తేడా కనిపించలేదు. రెండో ఏడు మొక్కజొన్న మోకాలెత్తు దశలో, స్లర్రీ పారిన మడులు, పారని మడులు గట్టు మీద నుంచే విడిగా తెలిశాయి. యూరియా పూర్తిగా మానలేదు, మొక్కజొన్న తిండి ఎక్కువ తినే పైరు. తగ్గించగలిగాను, దిగుబడి తగ్గలేదు. నేల కూడా నెర్రెలివ్వడం తగ్గి, పార వేస్తే పొడిపొడిగా వస్తోంది. నా లెక్కలో ప్లాంటు ఖర్చును తిరిగి రాబట్టింది వంటింటి కంటే ఈ గోతులే.

ఇదే మొక్కజొన్న ఇప్పుడు ఇథనాల్ ఫ్యాక్టరీలకూ పోతోంది. ఒక టన్ను గింజల నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. 2025 నాటికే దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. కొనేవాడు ఇంకొకడు పెరగడం రైతుకు మంచిదే, నేను కాదనను. కానీ గింజలోని పిండి పదార్థం పోగా మిగిలిన పిప్పి ఎక్కడో కోళ్ళ దాణాగా, పశువుల దాణాగా పోతుంది. మా పొలం నుంచి వెళ్ళిన నత్రజని మాకు తిరిగి రాదు, దాన్ని మళ్ళీ యూరియా రూపంలో కొనాలి. ఆ యూరియా తయారయ్యేది సహజవాయువుతో. పొలం ఇంధనం ఇస్తోందని సంబరపడేముందు పొలానికి ఏం తిరిగొస్తోందో అడగాలి. వరిగడ్డి లాంటివాటి నుంచి గ్యాస్ తీసి, ఒత్తిడితో నింపి అమ్మే కంప్రెస్డ్ బయోగ్యాస్ పెద్ద ప్లాంట్లకూ నేను ఇదే ప్రశ్న వేస్తాను. 2025-26 నుంచి గ్యాస్ సంస్థలు తాము అమ్మే గ్యాస్‌లో 1 శాతం ఈ బయోగ్యాస్ కలపాలన్న నిబంధన వచ్చింది, 2028-29 నాటికి అది 5 శాతం అవుతుంది. ఆ ప్లాంట్లలో మిగిలే సేంద్రియ ఎరువు అమ్మకానికి టన్నుకు 1,500 రూపాయల సాయం కూడా 2023లో ప్రకటించారు. ఆ ఎరువు గడ్డి ఇచ్చిన ఊళ్ళకే, రైతుకు అందే ధరకు చేరితే డెల్టాలో కోతల తర్వాత వరిగడ్డికి నిప్పు పెట్టాల్సిన పనుండదు. చేరకపోతే, గడ్డితో పాటు పొటాష్ కూడా లారీ ఎక్కించి పంపినట్టే.

సబ్సిడీ డబ్బు మాత్రం చాలా ఆలస్యంగా పడింది. ప్లాంటు నడుస్తున్న ఫోటోలు మళ్ళీ మళ్ళీ అడిగారు, ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఆ డబ్బును నమ్ముకుని అప్పు చేసే చిన్న రైతు ఈ ఆలస్యాన్ని తట్టుకోలేడు, ఇది మారి తీరాలి. కట్టే ముందే మొత్తం ఖర్చు చేతిలో ఉంచుకోమని అడిగినవాళ్ళందరికీ చెబుతున్నాను.

ఈ వేసవికి మా వీధిలో ఇంకో మూడిళ్ళవాళ్ళు కట్టిస్తామంటున్నారు, పెదనాన్న కొడుకుతో సహా. మేస్త్రికి ఫోన్ చేసి మే మొదటి వారానికి మాట తీసుకున్నాం. ఇంకొకతను కూడా అడిగాడు గానీ అతనికి ఉన్నవి రెండే గేదెలు. ఆ పేడ ఒక ఘనపు మీటరు ప్లాంటుకు కూడా అంతంతమాత్రంగానే సరిపోతుంది. పక్కింటి పేడ కూడా కలుపుకుని ఉమ్మడిగా కట్టుకుంటే నిండుగా నడుస్తుంది, స్లర్రీ ఎవరికెంతో ముందే కాగితం మీద రాసుకోండి అని చెప్పాను. ఇద్దరూ ఆలోచిస్తున్నారు.